అనంతపురం ఆడవాళ్ల ఎముకలు

మోకాలు నొప్పి అంటే కాల్షియం. నడుము నొప్పి అంటే కాల్షియం. కాన్పు అయిన పిల్లకు కాల్షియం, ముట్లు ఆగిన తల్లికి కాల్షియం, జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్న అవ్వకు కాల్షియం. అనంతపురంలో ఏ మందుల దుకాణం ముందు కాసేపు నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది. చీటీ లేకుండానే ఇస్తారు, చీటీ లేకుండానే మింగుతారు. జంతుశాస్త్రం పాఠాలు చెప్పే మనిషిని కాబట్టి ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. కాల్షియం మీద కాదు నా కోపం. మన ప్రాంతంలో చాలామందికి అది నిజంగానే చాలడం లేదు. ఎముకకు వచ్చిన ప్రతి కష్టాన్నీ ఆ ఒక్క మాటతో ముగించేస్తే, ఆ ఎముకకు అసలేం జరిగిందని అడిగేవాళ్లు ఉండరు. అడగకపోవడం వల్ల నష్టపోతున్నది ఎక్కువగా ఆడవాళ్లు.

ముందు మోకాలి సంగతి తేల్చేద్దాం. "గుజ్జు అరిగిపోయింది" అని మనం అనేది ఎముక గురించి కాదు, ఎముక కొసలను కప్పి ఉంచే మృదులాస్థి గురించి. అందులో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. దాని కణాలు కీలులోని ద్రవం నుంచి ఊరే పోషకాలతో బతుకుతాయి. అందుకే దెబ్బతింటే సరిగా మానదు. దాని మెత్తదనానికీ నునుపుకూ ఆధారం నీటిని పట్టి ఉంచే ప్రొటీన్–చక్కెర అణువులు, కొల్లాజెన్ పోగులు. కాల్షియం మాత్ర ఎన్నాళ్లు మింగినా అరిగిన గుజ్జు తిరిగి రాదు. తొడ కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం, బరువు తగ్గడం అంతకంటే ఎక్కువ మేలు చేస్తాయి. ఇది చిన్న విషయమే. ఎముకా గుజ్జూ ఒకటే అనుకున్నంత కాలం మాత్రం మిగతా చర్చ మొదలే కాదు.

ఇంటర్ మొదటి సంవత్సరంలో జంతు కణజాలాల పాఠం వస్తుంది. పిల్లలు దాన్ని బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటారు. నేను ఆ పాఠం ముందు రెండు కోడి కాలి ఎముకలు తెప్పిస్తాను. ఒకదాన్ని వినెగర్ సీసాలో వేసి కొన్ని రోజులు ఉంచుతాం. ఇంకొకదాన్ని బాగా కాలుస్తాం. వినెగర్‌లో నానిన ఎముక ఆకారం చెక్కుచెదరదు కానీ వేళ్లతో వంచితే వంగుతుంది. ఆమ్లం అందులోని ఖనిజాన్ని కరిగించి తీసుకుపోయింది, కొల్లాజెన్ మిగిలింది. కాల్చిన ఎముకా చూడటానికి అలాగే ఉంటుంది, పట్టుకుంటే పొడి అవుతుంది. అక్కడ కొల్లాజెన్ కాలిపోయింది, ఖనిజం మిగిలింది. కాలిన ఎముక చేతిలో నలిగిపోయినప్పుడు తరగతిలో ఒక అమ్మాయి, "మేడమ్, ఇందులో కాల్షియం అంతా అలాగే ఉంది కదా, మరి ఎందుకు విరిగింది?" అని అడిగింది. ఊరందరూ అడగవలసిన ప్రశ్న అది.

ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజం. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన హైడ్రాక్సీఅపటైట్ అనే స్ఫటికాలు. మిగిలినదాంట్లో కొంత నీరు, ఎక్కువ భాగం కొల్లాజెన్. ఖనిజం ఎముకకు నలిగిపోని గట్టిదనం ఇస్తే, కొల్లాజెన్ సాగి తట్టుకునే గుణం ఇస్తుంది. కొల్లాజెన్ అణువులో మూడు గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ప్రపంచంలోని పెద్ద ప్రయోగశాలలన్నీ ఆ చిక్కుముడి విప్పాలని చూస్తున్న రోజుల్లో మనకు రాత్రి రైలు దూరంలో ఉన్న ఊళ్లో ఆ పని జరిగిందని చెబితే పిల్లల కళ్లు మెరుస్తాయి. ఆ గొలుసులు తయారు కావాలంటే పప్పు, గుడ్డు, పాలు, మాంసం కావాలి. అవి గట్టిగా పెనవేసుకోవాలంటే విటమిన్ సి కావాలి. కాల్షియం చీటీ మీద ఇవేవీ ఉండవు.

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల పేరు మన జిల్లాల వాళ్లలో చాలామంది వినే ఉంటారు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఫుట్ అక్కడ తవ్వకాలు జరిపి ఎన్నో జంతువుల ఎముకలు వెలికితీశారు. వేల ఏళ్లు మట్టిలో ఉన్నా ఆ ఎముకలు నిలిచాయంటే కారణం ఖనిజమే. మనం ఎముకను రాయిలాంటి జడపదార్థంగా ఊహించుకోవడానికీ బహుశా ఇలాంటి ఎముకలే కారణం. పుస్తకంలోని అస్థిపంజరం బొమ్మ, ప్రయోగశాల మూలన వేలాడే అస్థిపంజరం, శ్మశానంలో మిగిలే బొమికలు, మనం చూసినవన్నీ చనిపోయినవే. ఒంట్లో ఉన్న ఎముక తడిగా ఉంటుంది. దాన్ని కోస్తే రక్తం కారుతుంది. దానిపై పొర నిండా నరాలు, అందుకే విరిగితే ప్రాణం పోయేంత నొప్పి.

సూక్ష్మదర్శినిలో గట్టి ఎముక పలకను చూస్తే ఒక కాలువ చుట్టూ వలయాలు వలయాలుగా పొరలు కనిపిస్తాయి. ఆ కాలువల సంగతి 1691లో రాసిన ఇంగ్లండు వైద్యుడు క్లాప్టన్ హేవర్స్ పేరుతోనే వాటిని హేవర్షియన్ కుల్యలు అంటున్నాం. ఒక్కొక్క వలయాల కట్ట అడ్డకొలత మిల్లీమీటరులో అయిదో వంతు. కుల్య మధ్యలో రక్తనాళం, నరం. పొరల మధ్య చిన్న చిన్న గదులు. ప్రతి గదిలో ఒక ఆస్టియోసైట్ కణం కూర్చుని, వెంట్రుక కంటే ఎంతో సన్నని సూక్ష్మకుల్యల గుండా చేతులు చాచి పక్క కణాన్ని తాకుతూ ఉంటుంది. పెద్దవాళ్ల ఎముకలోని కణాల్లో నూటికి తొంభైకి పైగా ఇవే. కొన్ని దశాబ్దాల పాటు బతుకుతాయి. మనం నడిచినప్పుడు, బరువెత్తినప్పుడు ఎముక కంటికి కనిపించనంతగా వంగి లేస్తుంది. అప్పుడు సూక్ష్మకుల్యల్లోని ద్రవం కదులుతుంది. ఆ కదలికను ఆస్టియోసైట్ పసిగట్టి ఎక్కడ ఎముక కావాలో, ఎక్కడ అక్కర్లేదో మిగతా కణాలకు తెలియజేస్తుంది. రాయిలో ఇటువంటి ఏర్పాటు ఉండదు.

ఆ మాట వినే కణాలు రెండు రకాలు. ఆస్టియోక్లాస్ట్‌లు పాత ఎముకను తొలుస్తాయి. ఇవి రక్తంలోని తెల్లకణాల వంశానికి చెందినవి. అనేక కణాలు కలిసిపోయి ఒక్క పెద్ద కణంగా, లోపల ఎన్నో కేంద్రకాలతో ఉంటాయి. ఎముక ఉపరితలాన్ని గట్టిగా అంటిపెట్టుకుని, ఆమ్లం వదిలి ఖనిజాన్ని కరిగిస్తాయి, ఎంజైములు వదిలి కొల్లాజెన్‌ను తెగగొడతాయి. వాటి వెనుక ఆస్టియోబ్లాస్ట్‌లు వస్తాయి. ఇవి ముందు కొల్లాజెన్ పరుస్తాయి, ఆ తర్వాతే దాని మీద ఖనిజం పేరుకుంటుంది. ఈ వరుస గుర్తుంచుకోవాలి. కొల్లాజెన్ పరిచేవాళ్లే లేకపోతే వచ్చిన కాల్షియం కూర్చునే చోటు ఉండదు. ఒక చోట తొలవడానికి కొన్ని వారాలు పడితే పూడ్చడానికి కొన్ని నెలలు పడుతుంది. పెద్దవాళ్లలో ఏటా అస్థిపంజరంలో దాదాపు పదో వంతు ఇలా కొత్తదవుతుంది. విజయనగర కాలం నాటి బుక్కరాయసముద్రం చెరువు కట్ట ఈనాటికీ నిలిచి ఉందంటే తరతరాలుగా దాని మీద మట్టి పోస్తూ, గండ్లు పూడుస్తూ రావడం వల్లే. ఎముకా అంతే. తవ్వే చేతికీ పూడ్చే చేతికీ లెక్క తప్పినప్పుడు గండి పడుతుంది.

ఈ రెండు పనుల తూకాన్ని పట్టి ఉంచే వాటిలో ఆడవాళ్లకు సంబంధించినంత వరకు అన్నిటికంటే పెద్దది ఈస్ట్రోజన్ హార్మోను. ఆస్టియోక్లాస్ట్‌లు పుట్టడానికి రాంక్-లైగాండ్ అనే ప్రొటీన్ సంకేతం కావాలి. ఆస్టియోప్రోటెజెరిన్ అనే మరో ప్రొటీన్ ఆ సంకేతాన్ని మధ్యలోనే అడ్డుకుంటుంది. ఈస్ట్రోజన్ మొదటిదాన్ని తగ్గించి రెండోదాన్ని పెంచుతుంది, ఆస్టియోక్లాస్ట్‌ల ఆయుష్షు కూడా తగ్గిస్తుంది. అండాశయాలు పని మానేస్తే ఈ కళ్లెం తెగిపోతుంది. తొలిచే పని ఒక్కసారిగా పెరుగుతుంది, పూడ్చే పని దాన్ని అందుకోలేదు. మొదటి దెబ్బ స్పంజిక ఎముకకు తగులుతుంది. వెన్నుపూసల లోపల, మణికట్టులో, తుంటి దగ్గర జల్లెడలాగా ఉండేది అదే. తొలవడానికి ఉపరితలం అక్కడే ఎక్కువ. అందులోని సన్నని కమ్మీ ఒకటి పూర్తిగా తెగిపోయిందంటే మళ్లీ అతకడం కష్టం, ఎందుకంటే ఆస్టియోబ్లాస్ట్ నిలబడి పని చేయడానికి పాత ఎముక ఉపరితలం ఉండాలి. లేని చోట అది ఏమీ కట్టలేదు. ముట్లు ఆగడానికీ ఎముకలు గుల్లబారడానికీ ఉన్న ఈ సంబంధాన్ని అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1941లోనే బయటపెట్టాడు.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల నిష్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు దేశంలో ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ నిష్పత్తి దేశ సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ. 2015–16 నాటి సర్వే ప్రకారం దేశంలో ఈ ఆపరేషన్ జరిగిన మధ్యస్థ వయసు 34. మామూలుగా మన దేశపు ఆడవాళ్లకు ముట్లు ఆగేది సుమారు 46, 47 ఏళ్లకు. ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు అండాశయాలనూ తీసేస్తే 34 ఏళ్ల మనిషి ఎముకలకు ఒక్క రోజులో ముట్లుడిగిన స్థితి వచ్చేస్తుంది. పదేళ్లకు పైగా ఉండవలసిన రక్షణ ఆనాటితో పోతుంది. అండాశయాలు మిగిల్చినా అవి ముందుగానే అలసిపోయే అవకాశం ఉంది.

మా పెద్దమ్మది కళ్యాణదుర్గం వైపు పల్లె. చెనక్కాయ పీకడానికి, కలుపు తీయడానికి జీవితమంతా పొలానికి వెళ్లిన మనిషి. తెల్లబట్ట అవుతోందని, కడుపులో నొప్పి అని ఒక నర్సింగ్‌హోముకు వెళితే, "పిల్లలు ఉన్నారు కదా, ఇంక దానితో పనేముంది, పెట్టుకుంటే క్యాన్సర్ వస్తుంది" అన్నారట. అప్పటికి ఆమెకు ముప్ఫై అయిదు కూడా నిండలేదు. అండాశయాలు కూడా తీసేశారన్న విషయం కాగితాల్లో ఉంది, ఆమెకు తెలియదు. యాభై దాటకముందే వాకిట్లో జారితే మణికట్టు విరిగింది. కట్టు కట్టి, కాల్షియం ఇచ్చి పంపారు. కొన్నేళ్లకు తుంటి విరిగింది. "గర్భసంచికీ చేతి ఎముకకూ సంబంధం ఉందని నాకు ఎవరూ చెప్పలేదు పాపా" అంటుంది పెద్దమ్మ. చెప్పవలసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆపరేషన్‌కు ముందు చెప్పాలి, తర్వాత చెప్పాలి. మణికట్టు విరిగిన రోజునైనా ఈ వయసులో ఇంత చిన్న పాటుకు ఎందుకు విరిగిందని ఎవరో ఒకరు అడిగి ఉండాలి.

ఆ ఆపరేషన్ అవసరమైన వాళ్లు లేరని నేను అనడం లేదు. క్యాన్సర్, మందులకు లొంగని రక్తస్రావం, పెద్ద గడ్డలు, ఇవి నిజమైన కారణాలు. తెల్లబట్ట కారణం కాదు. అనవసరంగా గర్భసంచులు తీసేస్తున్నారన్న కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని ఆదేశించింది. నా వాదన ఆ మార్గదర్శకాలకు ఒక మాట చేర్చాలని. అంగీకార పత్రం మీద వేలిముద్ర వేయించుకునే ముందు "అండాశయాలు ఉంచుతున్నామా, తీస్తున్నామా, తీస్తే ఎముకలకు ఏమవుతుంది, తర్వాత ఏం మందు వాడాలి" అనే నాలుగు వాక్యాలు తెలుగులో చదివి వినిపించాలి. ఎముకను సున్నపు ముక్కగా భావించే సమాజంలో గర్భసంచి వైద్యులు ఎముక గురించి మాట్లాడాలని ఎవరికీ తట్టదు. దాన్ని హార్మోన్ల మాట వినే కణజాలంగా అర్థం చేసుకుంటే ఆ ప్రశ్న తనంత తానే వస్తుంది.

కాల్షియం ఎంత ఎక్కువ ఉంటే ఎముక అంత గట్టిది అనుకునేవాళ్లకు నేను చూపించే రెండో సాక్ష్యం మన బోరు నీళ్లు. ఉమ్మడి అనంతపురం జిల్లా నేల కింద ఎక్కువగా గ్రానైటు, నీస్ రాళ్లు. వాన తక్కువ, బోర్లు లోతు. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండవచ్చని, వేరే నీరు దొరక్కపోతే ఒకటిన్నర దాటకూడదని మన దేశపు ప్రమాణం. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఎముకల్లో ఏం జరుగుతుందో చూడండి. హైడ్రాక్సీఅపటైట్ స్ఫటికంలోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఫ్లోరైడ్ ఆక్రమిస్తుంది. ఆ స్ఫటికం ఆమ్లానికి సులువుగా కరగదు, కాబట్టి ఆస్టియోక్లాస్ట్ పని కష్టమవుతుంది. అదే సమయంలో ఫ్లోరైడ్ ఆస్టియోబ్లాస్ట్‌లను ఉసిగొల్పుతుంది. ఎముక పెరుగుతుంది, కానీ క్రమం లేకుండా పెరుగుతుంది. వెన్నెముక స్నాయువులకు కూడా సున్నం పడుతుంది. ఎక్స్‌రే తీస్తే వెన్నుపూసలు తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. ఆ మనిషి మాత్రం మెడ తిప్పలేడు, నడుము వంచలేడు.

దట్టమైన ఎముక గట్టి ఎముకేనా అన్న ప్రశ్నకు అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు 1990లో జవాబు ప్రచురించారు. ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లలో కొందరికి నాలుగేళ్ల పాటు కాల్షియంతో పాటు సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు, కొందరికి కాల్షియం మాత్రమే ఇచ్చారు. ఫ్లోరైడ్ తీసుకున్నవాళ్ల నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. చేతులు, కాళ్లు, తుంటి వంటి మిగతా ఎముకలు విరగడం పెరిగింది. లెక్క ప్రకారం ఖనిజం ఎక్కువే, నిర్మాణం చెడింది. మన తాలూకాల్లో ఈ ప్రయోగం ఎవరి అనుమతీ లేకుండా తరతరాలుగా బోర్ల ద్వారా నడుస్తోంది. ఫ్లోరైడ్ తెచ్చే ఈ జబ్బు, అంటే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో తొలి నివేదికల్లో ఒకటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి 1937లో వెలువడింది. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే పిల్లలను, యువకులను ఆంధ్రప్రదేశ్ ఫ్లోరైడ్ గ్రామాల్లో గుర్తించి 1973లో ప్రకటించింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. అంటే తెలియక జరుగుతున్నది కాదు ఇది. 1990ల మధ్యలో వచ్చిన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ఉమ్మడి జిల్లాలో వందల గ్రామాలకు మంచి నీరు తెచ్చింది. దాని విలువ నొప్పులతో బతికినవాళ్లకే తెలుసు. కుళాయి రాని రోజు జనం మళ్లీ బోరు దగ్గరికే వెళతారు. ఆ బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంతో గ్రామ సచివాలయం గోడ మీద రాసి ఉంచాలని నేను అడుగుతూనే ఉంటాను. ఇంకో మాట, నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. కాచి తాగుతున్నాం కదా అని నిశ్చింతగా ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి.

కాల్షియం తక్కువైన ఒంటికి ఫ్లోరైడ్ మరింత చేటు చేస్తుంది. కాబట్టి తిండి సంగతి పక్కన పెట్టలేం. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యంగా కనిపించే దక్షిణాది వాళ్లలోనే ఆహారంలో కాల్షియం తక్కువ, దాన్ని ఒంటబట్టనీయని ఫైటేట్ ఎక్కువ, విటమిన్ డి తక్కువ అని తేలింది. పెద్దవాళ్లకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం కావాలన్నది భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పిన లెక్క. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, బియ్యంలో పది కూడా ఉండదు. సంగటి ముద్ద తిన్న తరం నుంచి చౌకబియ్యం తరానికి వచ్చేసరికి కంచంలో పోయింది ఇదే. సంగటి తింటే అన్నీ సరిపోతాయనే ప్రచారం కూడా నాకు నచ్చదు. రాగుల్లోనూ ఫైటేట్ ఉంది. నానబెట్టి మొలకెత్తిస్తే, పులియబెట్టి అంబలి చేస్తే తగ్గుతుంది. పక్కన పప్పు, మజ్జిగ, గుడ్డు ఉండాలి. కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి చేరాలంటే విటమిన్ డి ఉండాలి. అది లేకపోతే ఫాస్ఫరస్ కూడా పడిపోయి పిల్లల్లో రికెట్స్ వస్తుంది. కొల్లాజెన్ పరుచుకుంటుంది, ఖనిజం మాత్రం కూర్చోదు, కాళ్లు వంగిపోతాయి. రక్తంలో ఫాస్ఫరస్ కొలవడానికి 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి సులువైన పద్ధతి కనిపెట్టినవాడు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతా పాకింది.

ఎముక విరిగినప్పుడు మనవాళ్లు చేసే పొరపాట్లు కూడా అది బతికి ఉందని మరిచిపోవడం వల్లే. విరిగిన చోట ముందు రక్తం గడ్డ కడుతుంది. అందులోకి రక్తనాళాలు, కణాలు పాకి వస్తాయి. మొదట మృదులాస్థి, పీచు కలిసిన మెత్తటి కాలస్ ఏర్పడుతుంది. కొన్ని వారాల్లో అది గట్టి ఎముకగా మారుతుంది. ఆ తర్వాత నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఆస్టియోక్లాస్ట్‌లూ ఆస్టియోబ్లాస్ట్‌లూ దాన్ని చెక్కి సరిచేస్తాయి. అతికించేది కణాలు. పసరు గానీ, గుడ్డుసొన గానీ, ఆసుపత్రిలో వేసే పిండికట్టు గానీ ఎముకను అతికించదు. కట్టు చేసేది కదలకుండా పట్టి ఉంచడం. వెదురు బద్దల నాటు కట్టు కూడా ఆ పని చేయగలదు, అందుకే రాయలసీమ అంతటా దానికి అంత నమ్మకం. కానీ కణాలకు రక్తం అందాలి. బిగించి కట్టిన కట్టు కింద వేళ్లు చల్లబడి, నీలిరంగుకు తిరిగి, తిమ్మిరెక్కితే ఆ కట్టును వెంటనే విప్పాలి. గంటలు గడిస్తే కండరాలు చచ్చి చెయ్యి శాశ్వతంగా ముడుచుకుపోతుంది. చిన్నపిల్లల మోచేతి దగ్గర విరిగినా, చర్మం చీలి ఎముక బయటికి వచ్చినా, ముసలివాళ్ల తుంటి విరిగినా నేరుగా ఎముకల వైద్యుడి దగ్గరికే వెళ్లాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

అతికాక పడే శిక్ష ఇంకొకటి ఉంది, విశ్రాంతి. "నువ్వు లేవద్దు అవ్వా, అన్నీ మేం చూసుకుంటాం" అని ప్రేమతోనే అంటారు. మంచం మీద ఉన్న ఎముకలో సూక్ష్మకుల్యల ద్రవం కదలదు. బరువు లేదని ఆస్టియోసైట్‌లు స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా వదులుతాయి, ఆస్టియోబ్లాస్ట్‌లు పని తగ్గిస్తాయి. బరువే లేని చోట బతికే వ్యోమగాములు తుంటి ఎముకలో నెలకు ఒక శాతానికి పైగా ఖనిజం పోగొట్టుకుంటారు. ఎముక తన మీద పడే భారాన్ని బట్టి లోపలి అమరికను మార్చుకుంటుందని జర్మనీ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే పుస్తకం రాశాడు. తుంటికి ఆపరేషన్ అయిన అవ్వను వైద్యులు మరునాడే నిలబెట్టాలని చూసేది అందుకే. ఇంటికి వచ్చాక మనం మళ్లీ పడుకోబెడతాం.

ఇప్పటిదాకా చెప్పింది పోయే ఎముక గురించి. నాకు ఎక్కువ ఆశ ఉన్నది తయారయ్యే ఎముక మీద. తల్లి కడుపులో ఏడెనిమిది వారాల వయసులోనే ఇది మొదలవుతుంది. పుర్రె పై పలకల వంటివి పొర మీద నేరుగా ఎముకగా మారతాయి. కాళ్లు చేతుల పొడవాటి ఎముకలు ముందు మృదులాస్థి నమూనాగా తయారై, మధ్య నుంచి ఎముకగా మారుతూ పోతాయి. పుట్టాక కూడా కొసల దగ్గర ఒక పలుచని మృదులాస్థి ఫలకం మిగులుతుంది. పిల్ల పొడుగు పెరిగేది అక్కడే. కణాలు వరుసల్లో విభజన చెంది, ఉబ్బి, చనిపోతే ఆ ఖాళీలోకి రక్తనాళాలు, ఆస్టియోబ్లాస్ట్‌లు వచ్చి ఎముక కడతాయి. పదహారేళ్లకు అటూ ఇటూ ఆడపిల్లల్లో ఈ ఫలకాలు చాలావరకు మూసుకుపోతాయి. పొడుగు వేగంగా పెరిగే ఆ రెండేళ్లలోనే, అంటే దాదాపు ఏడో తరగతి, ఎనిమిదో తరగతిలో, పెద్దయ్యాక ఉండే మొత్తం ఎముక ఖనిజంలో సుమారు నాలుగో వంతు చేరుతుంది. ముప్ఫై లోపు కూడిందే పెట్టుబడి, ఆ తర్వాత ఖర్చే ఎక్కువ.

సరిగ్గా ఆ వయసులోనే మన ఇళ్లలో ఆడపిల్లను ఆటల నుంచి తప్పిస్తారు. పెద్దమనిషి అయిందని బయటికి పంపరు. రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కడుపులోని బిడ్డ అస్థిపంజరానికి సుమారు ముప్ఫై గ్రాముల కాల్షియం కావాలి, అందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లో. తన ఎముకే ఇంకా పూర్తి కాని పిల్ల దాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది?

ఫిన్లాండ్‌లో టెన్నిస్, స్క్వాష్ ఆడే ఆడవాళ్ల రెండు చేతులనూ పోల్చి చూసిన అధ్యయనం 1995లో వెలువడింది. ఆడే చేతి ఎముకలో ఖనిజం ఎక్కువ. మొదటి ముట్టుకు ముందు లేదా ఆ సమయంలోనే ఆట మొదలుపెట్టినవాళ్లకు ఆ తేడా, ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. తిండి, రక్తం, హార్మోన్లు రెండు చేతులకూ ఒకటే. తేడా తెచ్చింది బరువు, దెబ్బ, కదలిక. మన అనంతపురంలోనే రాఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010 నుంచి గ్రామీణాభివృద్ధి ట్రస్టుతో కలిసి పేద పిల్లలకు టెన్నిస్ నేర్పుతోంది. అక్కడ రాకెట్ పట్టిన ఆడపిల్లలను చూసినప్పుడు నాకు ఆ ఫిన్లాండ్ అధ్యయనమే గుర్తుకు వస్తుంది. అందరికీ టెన్నిస్ అక్కర్లేదు. తాడాట, ఖోఖో, కబడ్డీ, తొక్కుడు బిళ్ల, గెంతి నేలను తాకే ఏ ఆటైనా చాలు. బడిలో గుడ్డు, రాగి జావ పెట్టడం మంచి పని. దానికి తోడు ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లలకు ఆటల పీరియడ్‌ను లెక్కల పాఠం మింగేయకుండా చూడాలి. తల్లిదండ్రుల సమావేశంలో ఇది చెప్పినప్పుడు కొందరు తల్లులు "ఎండలో ఆడితే పిల్ల నల్లబడుతుంది మేడమ్" అంటారు. ఆ ఎండ తగిలితేనే చర్మంలో విటమిన్ డి తయారవుతుందని, తర్వాత కొనే మాత్రలు ఈ రెండేళ్లను వెనక్కి తేలేవని వాళ్లకు చెబుతాను. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోని వాళ్ల ఇళ్లకు నేనే వెళ్లి మళ్లీ చెబుతాను.